సీసా బల్లకి అటు చివర

ఆ పార్కు పుట్టకముందు అక్కడ రాళ్ల క్వారీ ఉండేది. పేటలో సగం ఇళ్ల పునాదులు దాని పొట్ట చీల్చి తెచ్చినవే. ఒక వానాకాలం క్వారీ గోడ విరిగి, లోపల రాళ్లు కొడుతున్నవాళ్ల మీద పడింది. వాళ్లని పైకి తియ్యడం తమవల్ల కాదని చేతులు దులుపుకుని, గోతిలో మట్టి పోసేశారు పెద్దమనుషులు. ఆ మట్టి మీద పేటవాళ్లు చెత్త పోశారు. ఆ చెత్తంతా ఎత్తించి, మొక్కలు నాటి, నడక బాట, ఉయ్యాలలు, జారుడుబల్ల వచ్చేదాకా ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది తోటమ్మ. మనిషి చూస్తే చీపురుపుల్ల. మొండితనంలో మాత్రం ఆమె తర్వాతే ఎవరైనా.

అలాంటి పార్కుకి తాళం వేస్తానంటూ ఒక సాయంత్రం మునిసిపల్ ఆఫీసరు దిగాడు. పిల్లలు చెరో చివరా కూర్చుని ఎగిరే సీసా బల్ల తనంతట తానే ఊగుతోందట. జనం జడుసుకుంటున్నారట.

"రేపట్నుంచి ఇక్కడ కార్లు నిలుపుతారు" అన్నాడు.

తోటమ్మ గబగబా వెళ్లి ఆ బల్ల మీదే ఒక చివర కూర్చుంది.

"చస్తే దిగను! దెయ్యం ఉందంటారా, దాన్నడిగి వెయ్యండి తాళం. లేదంటారా, ఇక తాళం దేనికి? దమ్ముంటే అటు కూర్చోండి!"

"వదినా, చీకటి పడేవేళ వాటితో పరాచికాలేంటి? లే..." గేటు దగ్గర్నుంచే గొణిగాడు మరిది. పార్కు తోటమాలి అతనే. పొద్దుగూకితే ఆ బల్ల వైపు కన్నెత్తి చూడడు.

ఆఫీసరు భారీ మనిషి. నవ్వుతూ రెండో చివర కిందికి నొక్కి, ఎక్కి కూర్చున్నాడు. తోటమ్మ కాళ్లు గాల్లోకి లేచాయి.

"ఏదమ్మా నీ దెయ్యం?"

దీపాలు ఇంకా వెలగలేదు. గాలి ఆగిపోయింది. తడిసిన రాతిపొడి వాసన ముక్కుకి తగిలింది. కింద, బాగా లోతున, సుత్తి చప్పుడు. టంగ్... టంగ్...

ఆగింది.

తోటమ్మ వెనక బల్ల కిర్రుమంది. వీపుకి తడిబట్ట తగిలింది. ఆమె తిరిగి చూడలేదు, పళ్లు బిగించి పిడి పట్టుకుంది. మళ్లీ కిర్రు... ఇంకొకరు. ఇంకొకరు...

ఆమె కాళ్లు నేలకి ఆనాయి. ఆఫీసరు గాల్లోకి లేచాడు. దూకబోయాడు. ఎవరో పట్టుకున్నట్టు కాళ్లు కదల్లేదు.

"దించమ్మా..." అన్నాడు ఆఫీసరు.

"తాళం?"

"వెయ్యను... ఒట్టు..."

"విన్నారుగా!" వెనక్కి తిరక్కుండానే అంది తోటమ్మ. "ఇది మీ చోటు, మా పిల్లల చోటు. ఎవడొచ్చినా మనం కదిలేది లేదు. సరే, ఇక లేవండి."

ఎవరూ లేవలేదు.

చివరికి ఆమే దిగింది. ఖాళీ చివర నేలకి అతుక్కునే ఉంది. ఆఫీసరు అటు గాల్లోనే ఉన్నాడు, నోరు తెరిచి.

తోటమ్మ కొంగు నడుముకి దోపుకుంది.

"పొద్దున పిల్లలొస్తారు" అంది ఖాళీ చివరతో. "వాళ్లొచ్చేలోగా దించెయ్యాలి. తెలిసిందా?"



ఆ ఖాళీలోంచి, చిన్నగా, చాలామంది కలిసి "ఊఁ" అన్నారు.