వేలు తడవని పీపాలు

భర్తను పూడ్చిపెట్టిన చోటి నుంచి నేరుగా వచ్చింది జెలీ కస్తాన్యె. బూట్లకు శ్మశానం బురద అలాగే ఉంది. బోర్దో పట్నంలోని డిటెక్టివ్ లఫుర్కాద్ ఆఫీసులో ఆమె కూర్చోలేదు, ఏడవలేదు. గొడుగు మొనతో నేలను ఒక్క పోటు పొడిచింది.

"నా కొడుకు తల తీస్తారట! కన్నతండ్రిని చంపాడట! ఆ గుడ్డి పోలీసుల కళ్ళు తెరిపించే మొనగాడు ఈ ఊళ్ళో ఉన్నాడా, లేడా?"

అసిస్టెంటు నొయెమి పెన్సిలు గాల్లోనే ఆగిపోయింది. ఈ రెండేళ్ళలో వణుకుతూ వచ్చినవాళ్ళను చాలామందిని చూసింది గానీ, ఇలా నిప్పులు కక్కుతూ వచ్చిన మనిషిని చూడలేదు. లఫుర్కాద్ మాత్రం లేచి కోటు తగిలించుకున్నాడు.

"రైల్లో చెప్పండమ్మా. పదండి."

ఆమె చెప్పింది ఇదీ. భర్త ఫిర్మిన్ రొకబ్రాక్ కోటలో ముప్ఫై ఏళ్ళుగా వైన్ పీపాల మేస్త్రీ. ఈస్టర్ పండక్కి పనివాళ్ళంతా సెలవు మీద వెళ్ళిపోయారు. జెలీ కూతురి పురిటికి వెళ్ళింది. ఫిర్మిన్ ఒక్కడే మిగిలాడు. రైల్వేలో పనిచేసే కొడుకు మార్సియాల్ సోమవారం రాత్రిదాకా తులూజ్‌లో డ్యూటీ చేసి, మంగళవారం మధ్యాహ్నం బండి దిగాడు. తండ్రి గిడ్డంగిలో తల పగిలి పడి ఉన్నాడు, పక్కనే కొయ్య సుత్తి. ఒళ్ళోకి తీసుకుని ఏడుస్తున్నవాడి చేతుల నెత్తురు చూసి సార్జంటు దెల్మాస్ బేడీలు వేశాడు.

"తండ్రీ కొడుకులకు పడదా?" అన్నాడు లఫుర్కాద్.

"ద్రాక్షతోట వదిలి రైళ్ళ వెంట పోయాడని ఆయనకు మంట. ఊరంతా వినేలా అరుచుకున్నారు, నిజమే. అరుచుకోని ఇల్లు ఒకటి చూపించండి!"

రొకబ్రాక్ యజమాని ఎద్మోన్ ద వెర్నాక్ వాళ్ళను గుర్రపుస్వారీ బూట్లతోనే కలిశాడు. మాటలు మర్యాదగానే ఉన్నాయి గానీ, జెలీ వైపు ఒక్కసారైనా చూడలేదు. నొయెమికి ఒళ్ళు మండింది.

"ఫిర్మిన్‌ను చివరిసారి ఎప్పుడు చూశారు?" అడిగాడు లఫుర్కాద్.

"మంగళవారం పొద్దున పది గంటలకు."

"ఏం చేస్తున్నాడు?"

"ఏం చేస్తాడు? మంగళవారం కదా, పీపాల్లో తగ్గిన వైన్ భర్తీ చేస్తున్నాడు. సగం పైగా అయిపోయింది కూడా."

"గట్టిగా గుర్తుందా?"

"పలకరించాను. టోపీ తీశాడు."

గిడ్డంగి చల్లగా ఉంది. ఆ చలివల్లే శవం ఎప్పటిదో డాక్టరు తేల్చి చెప్పలేకపోయాడు. హత్య జరిగిందనగానే సార్జంటు తాళం వేసి సీలు పెట్టాడు కాబట్టి, ఆ తర్వాత లోపలికి ఎవరూ అడుగుపెట్టలేదు. ఇప్పుడు అతనే సీలు ఊడదీసి, పనిలేని మనుషుల్ని చూసినట్టు వీళ్ళను చూస్తూ నిలబడ్డాడు.

లఫుర్కాద్ పీపాలు చేసేవాడి కొడుకు. ఒక్కొక్క పీపా బిరడా తీసి, చూపుడువేలు రెండు కణుపుల దాకా దించి, బయటికి తీసి చూశాడు. నొయెమి రాసుకుంటూ పోయింది. మొత్తం నలభై పీపాలు. ముప్ఫై ఆరింట్లో వేలు పొడిగానే వచ్చింది. చివరి వరసలోని నాలుగు మాత్రం అంచుదాకా నిండి ఉన్నాయి. ఎర్రబడ్డ వేలు నాకి లఫుర్కాద్ ముఖం చిట్లించాడు.

"సార్జంటుగారూ, రేపు పొద్దున మార్సియాల్‌ను ఇక్కడికి తీసుకురండి. దొరగారు కూడా ఉండాలి."

శుక్రవారం పొద్దున అందరూ గిడ్డంగిలో నిలబడ్డారు. మార్సియాల్ బేడీల చేతులతో తల్లి వైపు చూడలేక తల దించుకున్నాడు.

"కొయ్య వైన్‌ను తాగుతుంది," మొదలుపెట్టాడు లఫుర్కాద్. "అందుకే ఫిర్మిన్ ప్రతి మంగళవారం పీపాలను అంచుదాకా నింపేవాడు. రెండు మూడు రోజుల్లో గోరంతకు మించి తగ్గదు. నిన్న గురువారం. ముప్ఫై ఆరు పీపాల్లో నా వేలు తడవలేదు. అంటే ఈ మంగళవారం వీటిని ఎవరూ నింపలేదు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క మంగళవారం తప్పనివాడు ఎందుకు తప్పాడు? అప్పటికే చచ్చిపోయాడు కాబట్టి. అప్పుడు మార్సియాల్ తులూజ్‌లో ఉన్నాడు."

"కానీ దొరగారు చూశారు కదా!" అన్నాడు సార్జంటు.

"చూడలేదు. మంగళవారం మేస్త్రీ ఏం చేస్తాడో ఊరందరికీ తెలుసు, అదే చెప్పేశారు. బిరడా తీసి చూసే అలవాటు దొరలకెక్కడిది?"

వెర్నాక్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

లఫుర్కాద్ చివరి వరసలోని పీపా నుంచి గ్లాసుడు వైన్ తీసి జెలీకి అందించాడు. ఆమె ఒక్క గుక్క నోట్లో తిప్పి, వెర్నాక్ బూట్ల మీద ఉమ్మింది.

"ఇది మాది కాదు! దక్షిణాది నాటు సరుకు. మా ఆయన ప్రాణం పెట్టి చేసిన దానిలో ఈ కుడితి కలుపుతావట్రా?"

"రొకబ్రాక్ పేరుతో అమ్ముకోవడానికి, సెలవు చూసుకుని సోమవారం దించారు," అన్నాడు లఫుర్కాద్. "ఫిర్మిన్ పట్టుకున్నాడు. వ్యాపారులందరికీ చెప్తానన్నాడు."

వెర్నాక్ ముఖం కందగడ్డ అయింది. "నా కోట! నా తోట! నాలుగు వందల ఏళ్ళ పేరు! నా కూడు తిన్నవాడు నా ఎదుటే నిలబడి నన్ను దొంగ అంటాడా?"

"ఎప్పుడన్నాడండీ?" మెల్లగా అడిగాడు లఫుర్కాద్.

"సోమవారం సాయం..."

నొయెమి ఆ మాటను రాసి కింద గీత గీసింది. గురువుగారి మీద గౌరవం ఉప్పొంగింది గానీ, అంతకంటే ఎక్కువగా ఆ మనిషి చెంప పగలగొట్టాలనిపించింది.

సార్జంటు మార్సియాల్ చేతుల బేడీలు ఊడదీసి వెర్నాక్‌కు వేశాడు. మనిషిని జవాన్లకు అప్పగించి జెలీ వైపు తిరిగాడు.

"పొరపాటైపోయిందమ్మా. క్షమించండి."

"నాకెందుకు చెప్తావు?" అంది జెలీ. "నిన్న పొద్దున మా ఆయన్ని గోతిలోకి దించారు. గుప్పెడు మట్టి వేయడానికి కొడుకు లేడు. తండ్రిని చంపినవాడి తల్లినని ఊరు ఊరంతా నా మొహమే చూసింది. పద. నా వెంట నడు. టోపీ తీసి, ఊరంతా వినేలా, ఆయనకే చెప్పు. నీ కొడుకు నిన్ను చంపలేదు అని చెప్పు."

సార్జంటు లఫుర్కాద్ వైపు చూశాడు. లఫుర్కాద్ తలుపు బార్లా తీశాడు.

ఊరి నడివీధిలో తల్లీ కొడుకుల వెనక టోపీ చేత్తో పట్టుకుని సార్జంటు నడిచాడు. గడపల్లోకి వచ్చి నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే వెంట కదిలారు. ఫిర్మిన్ సమాధి పచ్చిమట్టి ముందు ఆగి సార్జంటు ఆ మాట చెప్పాడు, చిన్నగా.

"వినబడలేదు," అంది జెలీ. "మళ్ళీ చెప్పు."