సాయో ఎక్కిన రైలు

విశాఖపట్నంలో ఆ హాల్లోకి వెళ్లినవాళ్లకి ముందు వాన వినిపిస్తుంది. బయట మే నెల ఎండ మాడ్చేస్తున్నా సరే. తలకి మెత్తటి పట్టీ కట్టుకుని కుర్చీలో కూర్చుంటే రెండు నిమిషాల్లో హాలు మాయమై ఒక స్టేషన్ వస్తుంది. పొడుగాటి ప్లాట్‌ఫామ్, రేకుల కప్పు, చెక్క బెంచీ. బెంచీ మీద ఆకుపచ్చ స్వెటర్ వేసుకున్న పందొమ్మిదేళ్ల అమ్మాయి. పేరు సాయో.

ఆమె ఎవరో తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. ఈ కథ జరిగిన నాటికి పదిహేనేళ్ల ముందు జపాన్‌లో 'ఏడో ప్లాట్‌ఫామ్' అనే యానిమే, అంటే బొమ్మల సీరియల్, వచ్చింది. సాయో తన చెల్లెల్ని రైలెక్కించి పంపిస్తుంది. ఆ రైలు ప్రమాదంలో పడుతుంది. అప్పట్నుంచీ సాయో స్టేషన్ వదిలి వెళ్లలేదు. అక్కడ దిగే ప్రయాణికులంతా నిజానికి ఆమె మనసులోని ముక్కలే. ఒకరు ఆమె కోపం, ఒకరు ఆమె ఆడిన అబద్ధం, గొడుగు పోగొట్టుకున్న ముసలాయన ఆమె పడుతున్న సిగ్గు. ఆఖరి ఎపిసోడ్‌లో రైలొచ్చి తలుపులు తెరుచుకుంటాయి. సాయో లేవదు. తలుపులు మూసుకుంటాయి. అంతే, అయిపోయింది. ఎక్కాల్సిందా కాదా అని అభిమానులు ఏళ్ల తరబడి జుట్టూ జుట్టూ పట్టుకుంటూనే ఉన్నారు.

డాక్టర్ పైడా భార్గవి తయారుచేసిన యంత్రం పేరు 'ఎదురు కుర్చీ'. అది బొమ్మలు చూపించే యంత్రం కాదు. ఒక పాత్రకి గీసిన ప్రతి ఫ్రేమూ, పలికిన ప్రతి మాటా, కత్తిరించి పక్కన పడేసిన సీన్లూ దానికి ఇస్తారు. వాటిలో అలా నడుచుకున్న మనిషికి ఎలాంటి మనసు ఉండాలో అది లెక్కగట్టి, ఆ మనసుని నడిపిస్తుంది. అడుగుల చప్పుడు విని వచ్చేదెవరో ఇంట్లోవాళ్లు చెప్పేస్తారు కదా, అలాంటిదే. వచ్చిన అందరికీ ఒకే సాయో. అందర్నీ గుర్తుంచుకుంటుంది కూడా. తమని ఆమె గుర్తుంచుకోవాలని అభిమానులే పట్టుబట్టారు.

మనవాళ్ల అభిమానం సంగతి వేరే చెప్పాలా? కటౌట్లకి పాలు పోసే ఊళ్లలో పెరిగినవాళ్లం. వీళ్లు పాలు పోయలేదు గానీ, ఒక్కొక్కరూ వచ్చి తమ కష్టాలన్నీ ఆ పిల్ల ముందు పోశారు. విడాకులు, పోయిన ఉద్యోగాలు, నాన్నతో మాటలు లేకపోవడం. అరగంట చెప్పుకుని, కళ్లు తుడుచుకుని, తేలికపడి వెళ్లిపోయేవారు. సాయో అంతా వినేది. బాధ తెలిసినవాళ్లు వినే తీరే వేరు.

హాలు తెరిచిన నలభై రెండో రోజు చింతా హైమ వంతు వచ్చింది. హైమకి ముప్పై ఆరేళ్లు. డాబా గార్డెన్స్‌లో ఒక ల్యాబ్‌లో పళ్లకి తొడుగులు చేస్తుంది. కాలేజీ రోజుల్లో ఆ ఇరవై ఆరు ఎపిసోడ్లకీ తెలుగు సబ్‌టైటిల్స్ రాసింది ఈవిడే, ఎవరూ అడక్కుండానే. మాటలు ఎవరైనా రాస్తారు. సాయో మాట్లాడని చోట్ల కూడా హైమ చుక్కలు పెట్టి, ఆ మౌనం ఎన్ని సెకన్లో కొలిచి రాసింది. పదకొండో ఎపిసోడ్‌లో నలభై ఏడు సెకన్లు. ఆ నలభై ఏడు సెకన్లనీ ఆమె మూడొందల సార్లయినా చూసి ఉంటుంది. ఆ పిల్లని ఆమె ప్రేమించింది, అంతకన్నా చుట్టు తిప్పి చెప్పడం అనవసరం.

హైమ వెళ్లి బెంచీ మీద పక్కన కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. వాన రేకుల మీద పడుతోంది. పట్టాల మీద నీళ్లు నిలిచి, వాటిలో ఎరుపు సిగ్నల్ దీపం కదులుతోంది. చాలాసేపు గడిచాక సాయోనే అడిగింది. ఆమె తెలుగు హైమ రాసిన తెలుగే.

"మీరేమీ చెప్పరా, అక్కా?"

"లేదమ్మా. ఊరికే నీ పక్కన కూకుందావనొచ్చాను."

"అందరూ చెబుతారు."

"నువ్వు చెప్పు పోనీ. నీకేటి కావాలి?"

సాయో తలెత్తి చూసింది. "నన్ను ఇది ఎవరూ అడగలేదు."

తర్వాత ఆమె మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. చెల్లెలు కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే తను ఫోన్ చూసుకుంటూ ఉండిపోయిందని. ఆ చెయ్యి సగమే చూసిందని. ఇది ఏ ఎపిసోడ్‌లోనూ లేదు. హైమ ఆమె చెయ్యి పట్టుకుంది. అంతలో రైలొచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి.

"ఎక్కాలనుందా?" అంది హైమ.

"ఉంది. నేను వెళ్లిపోతే మీరేం చేస్తారు?"

"నాకేటవుతాది? బానే ఉంటాను. ఎల్లు."

సాయో లేచి, స్వెటర్ సర్దుకుని, రైలెక్కేసింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. హైమ ఆ చెయ్యిని చివరిదాకా చూసింది. పట్టీ విప్పాక కూడా ఆమె మొహం తడిగానే ఉంది, నవ్వుతోంది.

భార్గవి స్క్రీన్ ముందు తల పట్టుకుని కూర్చుని ఉంది.

"పాడైపోయిందా అండి?" అంది హైమ.

"లేదు. బ్రహ్మాండంగా నడుస్తోంది. ఎవరూ గీయని చోటికి వెళ్లిపోయింది, మనకి కనిపించదు, అంతే. ఎక్కడో హాయిగా ఉంది. కానీ హైమ గారూ, ఇంకా రెండువేల మంది వరుసలో ఉన్నారు. వాళ్లకి ఖాళీ బెంచీ చూపించనా?"

"ఏం చేద్దావంటారు?"

"మొదటి రోజు కాపీ ఉంది. అది పెడితే ఆమె మళ్లీ బెంచీ మీద ఉంటుంది. రెండు సాయోలు ఒకేసారి నడవవు, కాబట్టి వెళ్లినామె చెరిగిపోతుంది. ఎవరి దగ్గర పాత్ర మారిందో వాళ్లు వేలిముద్ర వేస్తేనే మార్చాలని మా నియమం. వేస్తారా?"

"నా కంఠంలో పేణముండగా వెయ్యను" అంది హైమ.

అభిమానులు ఊరుకోలేదు. ఆ పిల్ల బాగుపడిందని సంతోషించినవాడు ఒక్కడూ లేడు. మా సాయోని మాకిమ్మన్నారు. ఆమెకి నయం చెయ్యడానికి నువ్వెవరని హైమని తిట్టిపోశారు. ఒక పెద్దమనిషి మరీ నిజం చెప్పాడు: ఆమె సుఖంగా ఉంటే నా గోడు ఎవరికి చెప్పుకోను? హైమ అన్నీ చదివి, నవ్వుకుని, పళ్ల తొడుగులు నునుపు చేసుకుంటూ కూర్చుంది.

రోజూ సాయంత్రం మాత్రం హాలుకి వెళ్లేది. మనుషులు రావడం మానేశారు కాబట్టి భార్గవి కాదనేది కాదు. హైమ ఖాళీ బెంచీ మీద వాన వింటూ కూర్చునేది. మొదటి రెండు రోజులూ గర్వంగా ఉంది. మూడో రోజు బెంచీ పొడుగ్గా అనిపించింది. ఇంటికెళ్లి పదకొండో ఎపిసోడ్ పెట్టుకుంటే ఆ నలభై ఏడు సెకన్లూ బోసిగా ఉన్నాయి. అందులో ఉన్న అమ్మాయి ఇప్పుడు అక్కడ లేదని ఆమెకి తెలుసు. పదిహేనేళ్లుగా తను ఎక్కడికి వెళ్లి కూర్చునేదో ఆ చోటే పోయింది.

పన్నెండో రోజు పొద్దున్నే భార్గవి తలుపు తీసేసరికి గుమ్మంలో హైమ ఉంది.

"వెనక్కి తెచ్చీగలరా అండి?"

"ఆమె బాగుంది, హైమ గారూ. మీరే పంపారు."

"తెలుసండి."

"ఈసారి మిమ్మల్ని గుర్తుపట్టదు."

"అదీ తెలుసండి. ముద్ర ఎక్కడెయ్యాలో చెప్పండి."

ముద్ర పడింది. వాన అలాగే ఉంది. ఆకుపచ్చ స్వెటర్ వేసుకున్న అమ్మాయి బెంచీ మీద ఉంది. ఎవరో కొత్తమనిషిని చూసినట్టు హైమని చూసి, జరిగి చోటిచ్చింది. ఆ చూపులోని బాధ చూడగానే హైమకి ప్రాణం లేచొచ్చింది. అలా అనిపించినందుకు తనకే సిగ్గేసింది.

ఈసారి ఆమె ఊరికే కూర్చోలేదు. కూర్చున్న క్షణం నుంచీ మాట్లాడటం మొదలుపెట్టింది. ల్యాబ్ గురించి, ఒంటరి గది గురించి, మోకాలి నొప్పి గురించి, గుర్తొచ్చినవన్నీ, గుర్తు రానివి కల్పించి మరీ చెప్పింది. సాయో నోరు తెరిచే సందు ఎక్కడా ఇవ్వలేదు. దూరంగా రైలు వస్తున్న చప్పుడు వినిపించింది. సాయో అటు తిరగబోయింది.

హైమ గొంతు కొంచెం పెంచింది.