తిరగేసిన బండ

తెల్లారితే గృహప్రవేశం. మొయినాబాద్‌ల పసుపు, కుంకుమ పొట్లాలు కొని, బిడ్డ అనూహ్యను ఎంటబెట్టుకొని ఉదయ్‌భాస్కర్ ఎంకపల్లి వెంచర్‌కు వచ్చేసరికి పొద్దు గూట్లె పడ్డది. ఇల్లంతా కొత్త రంగు వాసన. పక్క ప్లాటుల బోరు మోటారు గుయ్యిమంటున్నది. ఏడేండ్ల పిల్ల లైట్లు వేసుకుంటూ లోపలికి ఉరికింది.

ఉదయ్ మాత్రం వాకిట్ల నల్లబండ మెట్టు దగ్గర ఆగిండు. అది కుర్మయ్య స్తూపం మీది పేరుబండ. ఈ భూముల కోసమే కొట్లాడి చచ్చిండు కుర్మయ్య. పేదల భూమి అమ్మనియ్యమని సంఘం లీడరుగ ఆ బండ ముందర జనంతోని పిడికిళ్లెత్తించింది ఉదయే. ఇరవై ఏండ్లకు కుర్మయ్య పెండ్లాంతోని వేలిముద్ర వేయించుకొని ప్లాట్లు కోసిందీ ఉదయే. స్తూపం కూలగొట్టిన నాడు, “మంచి గ్రానైటు, పారేసుడెందుకు?” అని పేరు కిందికి తిప్పి మెట్టు వేయించిండు. కక్కుర్తంటే గట్లుంటది మరి!

కరెంటు పోయింది. మోటారు ఆగింది.

అప్పుడు వినబడ్డది… కాళ్ల కింది నుంచి.

“అమరుడు కుర్మయ్యకూ…”

ఆ గొంతు కుర్మయ్యది కాదు. తనదే. ఇరవై ఏండ్ల కిందటి కంచు గొంతు. ఏటా వర్ధంతికి తను పిలుస్తుండె, జనం “జోహార్” అంటుండె. బదులు వచ్చేదాక పిలుపు ఆపొద్దు. అది సంఘం రివాజు.

“అమరుడు కుర్మయ్యకూ…”

బదులు పలికితే ఏమైతదో! పండ్లు బిగబట్టిండు. పిల్లను తీసుకొని బయటపడాలె, అదొక్కటే ఫికర్.

“అనూ… జల్ది బయటికి రా బిడ్డా…” అని గుసగుసగా పిలిచిండు. కాళ్లు కదలలే.

“కుర్మయ్యకూ…”

“జోహార్!”

లోపలి నుంచి సన్నటి గొంతు. అనూహ్యదే. ఆ మాట ఆ పిల్లకు ఎవ్వరూ నేర్పలేదు.

కరెంటు వచ్చింది. పిల్ల గుమ్మంల నిలబడ్డది… పిడికిలెత్తి.

“దించు బిడ్డా… ఎవలు నేర్పిన్రు నీకు?”

“డాడీ, ఒక అంకుల్ లోపలికి రావచ్చా అని అడిగిండు. నేను రమ్మన్న.”

ఉదయ్ తల వంచి చూసిండు. బండ మీద పేరు పైకే ఉన్నది. సిమెంటు ఎక్కడా పగల్లేదు. అక్షరం అక్షరానికి తడిపసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నయి.

చేతిలోని పొట్లాలు చూసుకున్నడు. దుకాణపాయన కట్టిన దారం ఇంకా విప్పనే లేదు.