కూలర్ ముందు పెళ్ళిచూపులు

రాజశ్రీకి తండ్రి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. శంకరరావుగారు స్టీల్ ప్లాంటు నుంచి రిటైరయ్యారు గానీ, ఇంట్లో వేడెక్కే ప్రతి వస్తువూ ఇంకా తన డ్యూటీలోనే ఉందనుకుంటారు. ఆయన సర్వీసంతా బ్లాస్ట్ ఫర్నెస్‌ని చల్లబరిచే నీళ్ళ సెక్షన్‌లో గడిచింది. ఇప్పుడు ఫర్నెస్ లేదు కాబట్టి ఫ్రిజ్ వెనకాల చెయ్యి పెట్టి చూస్తారు. ఇస్త్రీపెట్టె తీసేశాక ప్లగ్గు తడిమి చూస్తారు. పక్కింటాయన స్కూటర్ ఆపితే, వెళ్ళి ఇంజను మీద వేలు ఆనించి, కాస్త రెస్టివ్వమని సలహా చెప్పి వస్తారు.

కూతురు గేమింగ్ లాప్‌టాప్ కొన్నాక ఆయనకు మళ్ళీ ఉద్యోగం వచ్చినట్టయింది.

రాజశ్రీ ఒక్క గేమూ ఆడి ఎరగదు. రాయపూర్‌లో ఒక ఇంటీరియర్ కంపెనీకి ఇంట్లోంచే త్రీడీ బొమ్మలు చేసి పంపుతుంది. ఇంకా కట్టని ఇంట్లో సోఫా మీద ఎండ ఎలా పడుతుందో చూపించాలంటే ఆ మాత్రం మెషిను కావాలి. అది పని అందుకోగానే లోపలి ఫ్యాన్లు హెలికాప్టర్ లేచినట్టు లేచేవి. పైగా భిలాయి ఎండాకాలం. శంకరరావుగారు లాప్‌టాప్ కింద చెయ్యి దూర్చి చూసి, పెదవి విరిచి, బల్లతో సహా దాన్ని జరిపించి కిటికీ కూలర్‌కి ఎదురుగా పెట్టించారు. తడి గడ్డిలోంచి వచ్చే గాలి సూటిగా దానికే తగిలేది. గదిలో మనుషులు చెమటలు తుడుచుకునేవారు.

కూతురి కన్నా దానికే గాలి ఎక్కువని తల్లి గౌరీదేవి గొణుక్కునేది.

అలాంటి ఇంటికి పార్థసారథి పెళ్ళిచూపులకు వచ్చాడు. జాముల్‌లో సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరు. వీళ్ళలాగే వాళ్ళదీ విజయనగరం వైపే గానీ పుట్టి పెరిగింది ఇక్కడే కావడంతో, అతని నోట్లో తెలుగు హిందీవాళ్ళింటికి చుట్టపుచూపుగా వచ్చినట్టు ఒద్దికగా ఉంటుంది. తల్లి కుముదిని వెంట వచ్చింది. చీర కట్టుకునే హడావుడిలో రాజశ్రీ లాప్‌టాప్‌లో పని ఆపడం మరిచిపోయింది. టీ కప్పులు అందుతుండగా లోపలి గదిలో హెలికాప్టర్ లేచింది.

అప్పటిదాకా మిక్స్చర్‌లో పల్లీలు ఏరుకుంటున్న పార్థసారథి తలెత్తాడు. రాజశ్రీ వైపు కాదు, గది వైపు.

"టెంపరేచర్ ఎంత చూపిస్తోంది?" అన్నాడు. పెళ్ళికూతురితో అతను ఆడిన మొదటి మాట అది.

చూపించక తప్పలేదు. తొంభై నాలుగు. అతను లాప్‌టాప్‌ని చూశాడు, కూలర్‌ని చూశాడు, చూడవలసిన మనిషిని మాత్రం ఇంకా చూడలేదు.

"అంకుల్, దీన్ని కూలర్ ముందు పెట్టకండి. తేమ లోపలికి పోతాది."

"బాబూ, నా సర్వీసంతా నీళ్ళతోటే ఫర్నెస్‌ని చల్లబరిచినాను. నాకు చెప్తావేటి?"

"ఫర్నెస్‌లో నీళ్ళు పైపులో ఉంటాయి కదా అంకుల్."

అతను అమాయకంగానే అన్నాడు. కానీ సొంత ఇంట్లో, కాబోయే వియ్యపురాలి ఎదుట ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. టీలు చల్లారిపోయాయి. వాళ్ళు గేటు దాటగానే శంకరరావుగారు అబ్బాయికి నోరెక్కువని తేల్చేశారు. నోటి సంగతేమో గానీ చూపు తక్కువంది రాజశ్రీ. సెట్టింగ్స్ పంపుతానని అతను తన నంబరు తీసుకున్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సెట్టింగ్స్ నిజంగానే వచ్చాయి. లాప్‌టాప్ వెనక వైపు కొంచెం ఎత్తు పెట్టమన్నాడు. వేడి నెత్తికెక్కాక ఫ్యాన్లు ఒక్కసారిగా అరవడం కాదు, మొదట్నించీ నెమ్మదిగా తిరుగుతూ, వేడితో పాటు మెల్లగా స్పీడు పెరిగేలా సాఫ్ట్‌వేర్‌లో ఫ్యాన్ల గ్రాఫు దిద్దమన్నాడు. ప్రాసెసర్‌కి కాస్త కళ్ళెం బిగించమన్నాడు. బొమ్మ కొద్దిగా ఆలస్యమైతే కొంపలు మునగవన్నాడు. రాజశ్రీ అవతలి గదిలో, కూలర్ కంటపడకుండా, అలాగే చేసి చూసింది. డెబ్భై ఎనిమిది. చప్పుడే లేదు. ఆ నిశ్శబ్దంలో అతని మెసేజ్ వస్తే ఆమె గుండె స్పీడందుకునేది. దానికి మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ దొరకలేదు.

రోజూ సాయంత్రం అతను అడిగేది ఒకటే: "ఎంత?" ఆమె అంకె పంపేది. ఆ అంకెలు చూసి ఎవరికి జ్వరమని గౌరీదేవి కంగారుపడింది కూడా.

ఒకరోజు తొంభై రెండు పంపాల్సి వచ్చింది. ఆమె స్నానం చేసి వచ్చేసరికి లాప్‌టాప్ మళ్ళీ కూలర్ ముందుకు చేరింది. అతను ఏకంగా ఫోనే చేశాడు.

"మావయ్యకి నేను చెప్పనా?"

"మావయ్యేటి? ఎవరికి?"

"తెలుగులో అంకుల్ అంటే మావయ్యే కదా."

"అందరు అంకుల్స్‌కీ కాదు."

"నాకు ఈ ఒక్క అంకుల్ చాలు."

ఎనభై తొమ్మిదికి దిగిందని చెప్పింది రాజశ్రీ. ఆమె అసలు అటు చూడనేలేదు.

ఆ వారమే కుముదిని జవాబు అడిగింది. కుమ్హారి నుంచి వేరే సంబంధం వచ్చిందని, ఆదివారానికల్లా ఏదో ఒకటి తేల్చమని. శంకరరావుగారు పెట్టిన షరతు ఒక్కటే. కూలర్ విషయంలో పొరబడ్డానని ఆ అబ్బాయి వచ్చి ఒక్క ముక్క అనాలి. పెళ్ళి పిల్లకి చేస్తున్నారా కూలర్‌కా అని గౌరీదేవి అడిగింది. ఆయన కూలర్లో నీళ్ళు పొయ్యడానికి లేచి వెళ్ళారు.

రాజశ్రీ పార్థసారథిని బతిమాలింది. పెద్దాయనకి ఎదురు చెప్పినందుకు వందసార్లు సారీ చెబుతానన్నాడు. కూలర్ మంచిదని మాత్రం అననన్నాడు.

"ఒక్క అబద్ధం. నాకోసం."

"లాప్‌టాప్ పోతాది రాజశ్రీ గారూ. అది మీ రోజీరోటీ, అన్నం పెట్టేది."

"మీ బెంగంతా దాని మీదే. పెళ్ళిచూపుల్లోనూ దాన్నే చూశారు."

"మీ వైపు చూస్తే మాట పడిపోతాదని దాన్ని చూశాను."

"ఆ ముక్క ఆ రోజే చెప్పాల్సింది," అని ఆమె ఫోను పెట్టేసింది. సాయంత్రం వచ్చే "ఎంత?" ఆ రోజుతో ఆగిపోయింది.

శనివారం లాప్‌టాప్ మొరాయించింది. ఆన్ చేసిన కాసేపటికే దానంతటదే ఆరిపోతోంది. ఒక ఫ్యాను గరగరమంటోంది, రెండోది అసలు తిరగడం లేదు. రాజశ్రీ పంతం పక్కన పెట్టి ఆ మాటే అతనికి రాసి పంపింది. జవాబు రాలేదు. ఆదివారం పొద్దున్న గేటు ముందు బైకు ఆగింది.

అబ్బాయి తప్పు ఒప్పుకోవడానికే వచ్చాడనుకుని శంకరరావుగారు కుర్చీ చూపించారు. పార్థసారథి జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

వరండాలో బల్ల మీద లాప్‌టాప్ బోర్లించి అడుగు మూత విప్పాడు. ఫ్యాన్ల పక్కనున్న సన్నటి రాగి రేకుల సందుల్లో తెల్లగా, గట్టిగా, పొరలుగా ఏదో పేరుకుపోయి ఉంది. కూలర్ గాలితో వచ్చిన బోరునీళ్ళ ఉప్పు. ఇప్పుడు ఇతను "ముందే చెప్పానా" అంటాడు, నాన్న లేచి లోపలికి వెళ్ళిపోతారు, అంతటితో సరి. వద్దన్నట్టు రాజశ్రీ అతని వైపు చూసింది. ఈసారి అతను ఆమెనే చూస్తున్నాడు.

"దుమ్ము అంకుల్," అన్నాడు, దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టి. "సాఫ్ చేస్తే అయిపోద్ది. కూలర్ వల్లేం కాదు. ఆ రోజు నేనే గలత్ చెప్పాను."

అబద్ధం అలవాటు లేనివాడు. చెవులు ఎర్రబడిపోయాయి.

శంకరరావుగారు కోరిన మాట కోరినట్టే దొరికింది. అయినా ఆయన ముఖం విప్పారలేదు. అతని చెయ్యి పక్కకు జరిపి, కళ్ళజోడు సర్దుకుని, ఆ తెల్లపొరను గోటితో గీకారు. రాలిన పొడిని వేళ్ళ మధ్య నలిపారు. పైపుల్లో ఈ పొర కట్టకుండా చూడటమే ఆయన సర్వీసంతా చేసిన పని.

"ఇది దుమ్మేటి బాబూ, నీళ్ళ ఉప్పు కట్టిన స్కేలు," అన్నారు చివరికి. "దీన్ని గుర్తుపట్టలేకపోతే నా పెన్షన్ ఆపీవాల."

ఎవరికీ నవ్వే ధైర్యం లేకపోయింది. గౌరీదేవి ఒక్కతే కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన పార్థసారథిని తల్లికి ఫోను కలపమన్నారు. స్పీకరులో కుముదిని గొంతు వినగానే పైఆఫీసరుకి రిపోర్టు ఇచ్చేవాడిలా నిటారుగా కూర్చున్నారు.

"అమ్మా, నేను శంకరరావుని. మాకు మీ అబ్బాయి నచ్చినాడు. ముహూర్తం మీరు ఎప్పుడంటే అప్పుడే." ఆగి, ఒకసారి కూతురి ముఖం చూసుకుని, పక్కింటికి కూడా వినబడేటట్టు గొంతు పెంచారు.

"కూలర్ విషయంలో మీవాడు చెప్పిందే రైటమ్మా. తప్పు నాదే."