ఉప్పూ బొగ్గులూ కంప్యూటరూ

పాలవాడి సైకిల్ గంట వినబడేసరికి హైమవతి జుట్టు ముడేసుకుంటూ ముందుగదిలోకి వచ్చింది. కంప్యూటర్ తెర చూడగానే ఆమె ప్రాణం ఉసూరుమంది. నల్లటి తెర మీద ఎల్, ఐ అని రెండంటే రెండు ఇంగ్లీషు అక్షరాలు. లిలో అని పూర్తిగా వస్తేనే లోపలున్న లినక్స్ నిద్ర లేస్తుంది. వరసగా ఇది మూడో రోజు, ఆ పెట్టె తన పేరు సగం పలికి నోరు మూసుకోవడం.

కలకత్తాకి పడమరనున్న ఆ రైల్వే ఊళ్లో, మలంచా రోడ్డు పక్కన ఆ మూడు గదుల ఇల్లు ఆమె మామగారు దేముడు కట్టించినది. ముప్పై నాలుగేళ్లు రైల్వేలో ఎలక్ట్రికల్ ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆమె భర్త వెంకటరావు నిమ్‌పురా యార్డులో గూడ్స్ గార్డు. ఊళ్లోని ఇంజినీరింగ్ కాలేజీ కాంపస్‌లో చదువు ముగించి వెళ్లిపోతున్న ఒక కుర్రాడి దగ్గర ఈ పాత కంప్యూటర్ కొని తెచ్చింది అతనే. హైమవతి దానికి లినక్స్ ఎక్కించి, తెరా కీబోర్డూ మాత్రమే ఉండే రెండు పాత టెర్మినళ్లు తగిలించి, ఎనిమిది మంది ఆడపిల్లలకి ప్రోగ్రాములు రాయడం నేర్పుతోంది. పిల్లలు రాసిందంతా ఆ ఒక్క పెట్టెలోనే ఉంటుంది. దాని హార్డ్ డిస్కు ముసలిది, ఒకసారి ఆగితే మళ్లీ తిరగడానికి మొరాయిస్తుంది. అందుకని రాత్రీ పగలూ దాన్ని ఆపకుండా ఉంచుతుంది.

ఆదివారం బాలికల స్కూలు హెడ్‌మిస్ట్రెస్ సరోజాదేవి గారు చూడటానికి వస్తానన్నారు. నచ్చితే స్కూలు పిల్లలందరికీ కంప్యూటర్ చెప్పే పని హైమవతికే. డిగ్రీ చదివి నాలుగేళ్లుగా వంటింట్లో కూర్చున్న మనిషికి ఇంతకన్నా మంచి కబురు మళ్లీ వస్తుందా? అలాంటి వారంలోనే పెట్టె ఇలా మొండికేసింది.

మొదటి రోజు తప్పు పెట్టెదే అనుకుంది. మూత విప్పి మెమరీ పలకలు పీకి, వాటి బంగారు రంగు అంచులు రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చింది. డిస్కు కేబులు మార్చింది. రెండో రోజు సెటప్ తెరిచి చూస్తే తారీకు పద్దెనిమిదేళ్లు వెనక్కి పోయి 1980 జనవరి ఒకటిలో ఉంది. అప్పుడు అర్థమైంది, లోపలి బ్యాటరీ చచ్చిపోయిందని. కరెంటు తీస్తే చాలు, తన డిస్కు కొలతలు తనే మరిచిపోతోంది. అవి మళ్లీ చేత్తో పెట్టాక నడిచింది గానీ, అర్ధాంతరంగా ఆగినందుకు ఫైళ్లన్నీ తనిఖీ చేసుకుంటూ అరగంట తీసుకుంది. ఇద్దరు పిల్లలు రాసుకున్నవి పోయాయి కూడా. కొత్త బ్యాటరీ కలకత్తా నుంచి రావాలి.

అయితే కరెంటు పోతేనే కదా మరిచిపోయేది. పడగ్గదిలో ఫ్యాను రాత్రంతా తిరుగుతూనే ఉంది. మరి ఈ ఒక్క గదికే ఎలా పోయింది?

మూడో రోజు సెటప్‌లో గడియారం చూసింది. బ్యాటరీ లేని గడియారం కరెంటు వచ్చిన క్షణం నుంచే సున్నాతో మొదలవుతుంది. అది ముప్పై అయిదు నిమిషాలంటోంది. గోడ మీద ఆరూ పది. అంటే అయిదూ ముప్పై అయిదుకి ఎవరో ఈ గదికి కరెంటు ఇచ్చారు. అంతకు ముందు ఎవరో తీశారు. ఆ వేళకి వెంకటరావు డ్యూటీలో ఉన్నాడు. మామగారు రోజూ లాగే పెరట్లో మొక్కల దగ్గర ఉంటారు. ఇంట్లో తిరిగేది అత్తగారు నూకాలమ్మ ఒక్కతే.

కిటికీ కింద కాలికి ఏదో గరగరలాడింది. వంగి చూస్తే నాలుగు ఉప్పు కల్లు, పక్కన బొగ్గు ముక్కలు. నూకాలమ్మకి కంప్యూటర్ అంటే మొదటినుంచీ గిట్టదు. పొయ్యి దగ్గర కన్నా దాని దగ్గరే ఎక్కువ కూర్చుంటాదని ఇరుగమ్మకీ పొరుగమ్మకీ చెబుతూనే ఉంటుంది. ఉప్పూ బొగ్గులూ పెట్టి ఏదో తంతు చేస్తోంది, కరెంటు తీసి మరీ చేస్తోంది. చదువుకున్న బుర్రే, కానీ అనుమానం ఒకసారి చొరబడ్డాక చదువు గుమ్మం బయటే నిలబడిపోయింది.

ఇటు నూకాలమ్మకీ ఆ వారమంతా కంటి మీద కునుకు లేదు. ఉప్పు డబ్బా రెండుసార్లు ఖాళీ అయింది. ఇస్త్రీ పెట్టె బొగ్గులు సగం మాయమయ్యాయి. కోడలే పట్టుకుపోతోందని ఆవిడ లెక్క, ఎందుకో మాత్రం తేలలేదు. చివరికి ఉప్పు డబ్బా ట్రంకు పెట్టెలో దాచి తాళం వేసుకుంది. ఇద్దరూ ఒకే కంచంలో చేపలు కడుగుతూ ఒకరి మొహం ఒకరు ఓరగా చూసుకునేవారు.

శనివారం హైమవతి పాలవాడి కోసం ఆగలేదు. తెలతెలవారుతుండగానే లేచి వచ్చింది. పెట్టె చల్లగా, చీకటిగా ఉంది. తలుపు పక్కన బోర్డు తెరిచి చూస్తే ఆ గది ఫ్యూజు ఉండాల్సిన చోట ఖాళీ. సరిగ్గా అప్పుడే నూకాలమ్మ ముగ్గు గిన్నెతో లోపలికి వచ్చింది. వెనకే డ్యూటీ దిగిన వెంకటరావు, భుజాన జెండాల సంచితో.

"ఫ్యూజు ఇచ్చీ అత్తా," అంది హైమవతి.

"ఏటి ఫ్యూజు?"

"ఈ గదిది. ఉప్పూ బొగ్గులూ కూడా సూసినాను. నా బతుకు మీద ఏటి సేయిస్తున్నావో అదీ సెప్పీ."

నూకాలమ్మ ముగ్గు గిన్నె నెమ్మదిగా కింద పెట్టింది. "దిష్టి తియ్యాలంటే నిన్ను ఎదట కూకోబెట్టి తీస్తాను. దొంగసాటుగా తీసే కర్మ నాకేటి? ఉప్పు నువ్వే పట్టుకుపోతన్నావనుకుని పెట్టెలో దాసుకున్నాను నేను."

రాత్రంతా మేలుకున్న వెంకటరావు నిద్రమొహంతో అనకూడని మాట అనేశాడు. "నిజం సెప్పీమ్మా, గొడవొదిలిపోద్ది."

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "నువ్వూనా," అని గుమ్మంలోనే కూలబడింది. ఆ ఇంట్లో నూకాలమ్మ ఏడవడం హైమవతి అదే చూడటం.

వెనక తలుపు దగ్గర అలికిడైంది. దేముడు, మోచేతుల దాకా మట్టి. పాత ఖాకీ చొక్కా జేబులోంచి తెల్లటి పింగాణీ ఫ్యూజు తీసి చూపించాడు.

"నా దగ్గరుందమ్మా. మీ అత్తనేటీ అనకు."

అతను భార్య వైపు ఒకసారి చూసి, మెల్లగా చెప్పుకొచ్చాడు. రెండు వారాల కిందట దేవమణి అనే పిల్ల, తడి నేల మీద ఒట్టి కాళ్లతో కూర్చుని పెట్టె మీద చెయ్యేసి, జివ్వుమంది దీదీ అంది. చెప్పులు వేసుకో అని హైమవతి నవ్వేసింది. పక్క గదిలో ఉన్న దేముడికి నవ్వు రాలేదు. ఎవరూ లేనప్పుడు టెస్టర్ పెట్టి చూస్తే పెట్టె పైరేకు మీద అది వెలిగింది. రేకులోకి పాకిన కరెంటుని భూమిలోకి దించే ఎర్త్ ఇంటికి లేదు. కట్టేటప్పుడు తర్వాత వేద్దాంలే అని తనే వదిలేశాడు, ముప్పై నాలుగేళ్ల ఫిట్టరు. ఇప్పుడు పెరట్లో గొయ్యి తీసి, పైపు దించి, ఉప్పూ బొగ్గులూ పొరలుగా వేస్తున్నాడు. నడుం సహకరించక రోజుకో గంటే పని. కిటికీలోంచి వైరు లాగుతున్నప్పుడు అవి కింద రాలాయి.

"ఇవాళ జివ్వుమంటాది," అన్నాడు. "లోపల ఏదైనా తెగినాదంటే రేపు వదల్దు."

"నాకు సెప్తే నేనే ఆపేసేదాన్ని కదా మావయ్యా."

"నీకు సెప్తే మీ అత్తకి తెలిసిపోద్ది. షాక్ కొట్టే పెట్టె ఇంట్లో ఉండనిస్తాదా? నూకయ్యని మర్సిపోనాదా?"

ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. నూకయ్య నూకాలమ్మ తమ్ముడు. ఇరవై ఏళ్ల కిందట వేరే ఊళ్లో ఒక చిన్న మిల్లులో మోటారు విప్పి పనిచేస్తుంటే, సంగతి తెలియని ఎవరో ఫ్యూజు పెట్టేశారు. శవాన్ని తెచ్చింది దేముడే. తను పనిచేసిన రైల్వే వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉండేది, ఫ్యూజు పని చేసేవాడి జేబులోనే ఉండాలి, తిరిగి పెట్టే చెయ్యీ వాడిదే. ఆ రోజు నుంచి ఆయన సొంతింట్లో బల్బు హోల్డరు మార్చినా ఫ్యూజు జేబులో వేసుకోకుండా మార్చలేదు.

"పెట్టె వీధిలో పారేస్తావని భయపడ్డాను నూకాలూ. ఈ పిల్ల ఆశంతా దాన్లో ఉన్నాది."

హైమవతికి తడి నేల, దేవమణి ఒట్టి కాళ్లు, రేకు మీద ఆ చిన్న చెయ్యి కళ్ల ముందు కదిలాయి. నిమిషాలు లెక్కగట్టి దొంగని పట్టానని మురిసిందే గానీ, ఆ పిల్ల చెప్పిన ఒక్క మాట చెవికెక్కించుకోలేదు. కన్నీళ్లు వాటంతటవే కారిపోయాయి.

నూకాలమ్మ లేచి లోపలికి వెళ్లింది. ట్రంకు పెట్టె తాళం తీసిన చప్పుడు వినిపించింది. ఇక కంప్యూటర్ బయట పడ్డట్టే అనుకున్నారు ముగ్గురూ. ఆవిడ ఉప్పు డబ్బా పట్టుకుని వచ్చింది.

"గొయ్యి నిండినాదా?" అని మొగుణ్ణి అడిగింది.

"ఇంకో పొర పడాలి."

ఆవిడ పెరట్లోకి వెళ్లి డబ్బా మొత్తం గొయ్యిలో వంచేసింది. హైమవతి బకెట్టుతో నీళ్లు తెచ్చి పక్కన నిలబడింది. "అత్తా, నేను నిన్ను..." అంది.

"నీళ్లు పొయ్యి. తర్వాత ఏడుద్దువుగాని."

వైరు బిగించాక దేముడే ఫ్యూజు పెట్టాడు. టెస్టర్ రేకు మీద ఆనించాడు, వెలగలేదు. నూకాలమ్మ నమ్మక మూడుసార్లు పెట్టించి చూసింది. డిస్కు ముసలి మూలుగులు రెండు మూలిగి తిరిగింది, హైమవతి దాని కొలతలు మళ్లీ పెట్టాక లినక్స్ లేచింది. ఆదివారం సరోజాదేవి గారు వచ్చినప్పుడు, దేవమణి కూర్చునే చోట తడిగుడ్డ పెట్టనివ్వకుండా కాపలా కాసింది నూకాలమ్మే. పని హైమవతికే ఇస్తామని హెడ్‌మిస్ట్రెస్ చెప్పి వెళ్లారు.

పది రోజులకి కలకత్తా నుంచి బ్యాటరీ వచ్చింది. హైమవతి ముందుగా ఫ్యూజు పీకింది. జేబు లేని చీర కదా, ఒక్క క్షణం తటపటాయించింది. మామగారు చెయ్యి చాచారు. ఆమె దాన్ని తీసుకెళ్లి అత్తగారి చేతిలో పెట్టింది.

నూకాలమ్మ ఫ్యూజు రొంటిన దోపుకుని, గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన వచ్చినా లేవలేదు.

"అయిపోనాదత్తా, ఫ్యూజు ఇచ్చీ."

"రెండు సేతులూ బయటపెట్టి సూపించు ముందు."

హైమవతి పెట్టెలోంచి చేతులు తీసి, చిన్నపిల్లలా రెండు అరచేతులూ చాపి చూపించింది.