నా ఒంట్లో ఎముకలు లేవా?

పొయ్యి మీద టీ మరుగుతోంది. పక్క గదిలోంచి నవ్వులు వినిపిస్తుంటే కోడలు గరిటె చేతిలో పట్టుకునే చెవులు రిక్కించింది.

"ఇదేంటో చెప్పు నాయనమ్మా."

"మోకాలి చిప్ప."

"దాని పైన?"

"తొడ ఎముక. ఒంట్లోకెల్లా పెద్దది. పాసయ్యానా?"

"నీకు నూటికి నూరు."

మళ్ళీ నవ్వులు. కోడలు టీ వడకట్టింది. సగం గ్లాసులో పడింది, సగం గట్టు మీద పడింది.

ఆమె కూతురు నర్సింగ్ అసిస్టెంట్ కోర్సులో చేరి కొన్ని నెలలైంది. సన్నగా రివటలా ఉంటుందని ఇంట్లో అందరూ పిట్ట అంటారు. పుస్తకంలో చదివింది చేతికి రావాలంటే ఎదురుగా ఒక మనిషి ఉండాలి కదా. ఆ మనిషి నాయనమ్మ అయింది. రోజూ పొద్దున్నే ఆవిడను మంచం మీద పడుకోబెట్టి ఎముకలు తడిమి పేర్లు చెబుతుంది, నాడి చూస్తుంది, బెణకని మడమకి కట్టు కడుతుంది, విరగని చేతికి బద్దలు కడుతుంది. ఎవరి మాటా వినని ముసలావిడ, ఇప్పుడు మనవరాలు ఎటు తిరగమంటే అటు తిరిగి పడుకుంటోంది.

ఇందులో కోడలికి కడుపు మండాల్సింది ఏముందని ఎవరైనా అడగొచ్చు. మండింది, అంతే. అత్తగారిని చూసి కుళ్ళుకోవడం ఆమెకు కొత్తేం కాదు. కాకపోతే ఇన్నాళ్ళూ ఆ కుళ్ళు వంటింటి పెత్తనం గురించో, ఆవిడ ముందు నోరెత్తని మొగుడి గురించో ఉండేది. కూతురి చేతుల గురించి ఏడవడం ఇదే మొదలు. ఎదిగాక పిట్ట తల్లి ఒళ్ళో తల పెట్టుకున్నది లేదు. లాండ్రీలో పగలంతా నిలబడి ఇస్త్రీ చేసి ఇంటికొస్తే, "వచ్చావా అమ్మా" అన్న మాట లోపలి గదిలోంచే వినిపిస్తుంది. అలాంటి పిల్ల ముసలావిడ పాదం ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వేలూ ముట్టుకుంటూ కూర్చుంటుంటే, గుమ్మంలో నిలబడి చూడటం ఆమె వల్ల కాలేదు.

ఒకసారి సిగ్గు విడిచి అడిగింది కూడా. "ఇవాళ నా మీద నేర్చుకోవే" అంటూ మంచం మీద పడుకుంది. పిట్ట మోచేయి పట్టుకుందో లేదో కుక్కర్ కూసింది. లేచి వెళ్ళొచ్చింది. నాడి మీద వేలు పెట్టగానే పాలు గుర్తొచ్చాయి. మళ్ళీ లేచింది.

"నువ్వు కదలకుండా ఉండలేవమ్మా. నాయనమ్మే నయం" అంది పిట్ట. ఎగతాళిగా అన్నది కాదు, ఉన్న మాటే అంది. కానీ ఆ మాట తల్లికి ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

మర్నాడు పిట్టకి ప్రాక్టికల్ పరీక్ష. ఒక్కొక్కరూ తమ ఇంటి మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్ళాలి. ఎవరు వెళ్తారన్నది ఎవరూ అడగను కూడా అడగలేదు. టీ తాగడం అయ్యాక అత్తగారు తన బట్టలు తెచ్చి కోడలి ముందు పెట్టింది.

"కాస్త ఇస్త్రీ చేసిపెట్టమ్మాయ్. పరీక్షకి ముడతలతో వెళ్తే ఏం బావుంటుంది?"

"పరీక్ష మీకా, దానికా?"

"దానికే. పట్టుకునేది నన్ను కదా మరి."

కోడలు గ్లాసు గట్టు మీద కొట్టినట్టే పెట్టింది. "అవును, మిమ్మల్నే. పొద్దున లేస్తే మీ కాళ్ళు, మీ చేతులు, మీ వీపు. ఏం, నా ఒంట్లో ఎముకలు లేవా?"

పిట్ట గుమ్మంలోకి వచ్చింది. "ఏంటమ్మా ఇది? నాయనమ్మతో నీకు పోటీయా?"

"పోటీయే అనుకో."

"పెద్దావిడని చూసి కుళ్ళుకుంటావా?"

"కుళ్ళే. నా కడుపున పుట్టినదాని కోసం నేను కుళ్ళుకోకూడదా? పొద్దస్తమానం ఇస్త్రీ పెట్టె తోసి తోసి భుజం పడిపోతోంది. ఒక్కరోజు అడిగావా, ఎలా ఉందమ్మా అని?"

"అడిగితే బానే ఉందంటావు. చూస్తానంటే పొయ్యి మీద ఏదో ఉందంటావు. ఒకరు చేస్తుంటే చేయించుకోవడం నీకు రాదమ్మా."

అత్తగారు తన బట్టలు తనే మడత పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున లేచేసరికి ఆవిడ మంచం మీద కూర్చుని కుడి మోకాలు పట్టుకుని ఉంది. "నా వల్ల కాదే పిట్టా. కాలు కింద పెడితే ప్రాణం పోతోంది."

పిట్ట మోకాలి చుట్టూ నొక్కి చూసింది. "ఇక్కడా?"

"అక్కడే."

"మరి ఇక్కడ?"

"అక్కడా అంతే."

పిట్ట ఆవిడ మొహంలోకి ఓసారి చూసి, "సరే, నువ్వు పడుకో" అంది. తర్వాత తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు రావాలి."

కోరుకున్నదే దొరికినా కోడలికి సంతోషం కలగలేదు. నిన్నటి మాటకి పెద్దావిడ పరీక్ష రోజే కక్ష తీర్చుకుంటోందనుకుంది. లాండ్రీకి రానని ఫోన్ చేసి, మూతి ముడుచుకునే బయల్దేరింది.

పరీక్ష గదిలో సన్నటి బల్ల మీద ఆమెను పడుకోబెట్టారు. పరీక్ష చేసేది ఒక సీనియర్ నర్సు. పిట్ట ఎముకల పేర్లు తడబడకుండా చెప్పింది. తర్వాత భుజం కీలు కదలిక చూడాలి. పడుకున్న మనిషి చేయి వదులుగా ఉంచాలి, ఎత్తడం, తిప్పడం పిట్టే చేయాలి. పిట్ట చేయి ఎత్తింది, పక్కకి తిప్పింది. అంతా సాఫీగా సాగుతోందనుకుంటుండగా నర్సు ఆపింది.

"ఆవిడ చేయి నువ్వు ఎత్తట్లేదమ్మాయ్. నువ్వు ఎటు తీసుకెళ్ళబోతే ఆవిడే అటు ఎత్తి ఇస్తున్నారు. ఇక కీలు సంగతి నీకేం తెలుస్తుంది? ఇంకోసారి చెయ్. అప్పుడూ ఇంతే అయితే నేను పాస్ చెయ్యలేను."

తల్లి సాయం చేస్తున్నాననుకుంది, కూతురి పరీక్షకి తనే అడ్డం పడుతోంది. చేయి వదిలేద్దామని చూసింది. ఎంత వదలాలనుకుంటే అంత బిగుసుకుపోతోంది.

పిట్ట ఒక అరచేయి మోచేయి కింద, ఇంకోటి మణికట్టు కింద పెట్టి వంగింది. "అమ్మా, ఇది నా పని. నువ్వు సాయం చెయ్యకు."

"పడిపోతుందేమోనే."

"పడదు. నేను పట్టుకున్నాను కదా."

తల్లి కళ్ళు మూసుకుంది. ముందు మెడ వెనక ఏదో వదులైంది, తర్వాత భుజం, ఆ తర్వాత మోచేయి మెల్లగా కూతురి అరచేతిలోకి దిగింది. తన చేయి ఇంత బరువుంటుందని ఆమెకు ఎన్నడూ తెలియదు. కళ్ళ చివర్లనుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నా తుడుచుకోలేదు.

పిట్ట చేతిని కొంత ఎత్తుకి తీసుకెళ్ళి ఆగింది. "ఇక్కడ పట్టేస్తోంది కదమ్మా?"

బానే ఉందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఊ. చాలా రోజుల్నుంచి" అంది తల్లి.

నర్సు తలూపి, తర్వాతి వాళ్ళని పిలిచింది.

ఇంటికొచ్చేసరికి అన్నం ఉడుకుతున్న వాసన వస్తోంది. లోపల గబగబా అడుగుల చప్పుడైంది. వెళ్ళి చూస్తే అత్తగారు మంచం మీద మోకాలు పట్టుకుని కూర్చుంది.

"ఎలా ఉందత్తయ్యా?"

"అలాగే ఉందమ్మాయ్."

"పొద్దున కుడి మోకాలు కదా?"

ఆవిడ ఒక మోకాలి వంక చూసి, తర్వాత రెండోదాని వంక చూసింది. పిట్ట ఫక్కున నవ్వింది. "నాకు పొద్దున్నే తెలుసు నాయనమ్మా. ఎక్కడ నొక్కినా ఒకేలా నొప్పంటే అది నిజం నొప్పేనా?"

కోడలు నవ్వలేదు. "ఎందుకు చేశారు ఈ పని?"

ముసలావిడ దుప్పటి అంచు సవరించింది. "మీ మామయ్య పోయాక నన్ను ముట్టుకున్న మనిషి లేదమ్మాయ్. వేళకి పెడతారు, మందులిస్తారు, ఏ లోటూ లేదు. అయినా పిట్ట చేయి పడేసరికి ఆశ పుట్టింది. మిఠాయి దాచుకునే పిల్లలా నాకే ఉంచుకున్నాను. నీదీ అదే ఆకలని నిన్న నువ్వు అరిచేదాకా నాకు తట్టలేదు."

కోడలు ఇన్నేళ్ళలో ఈ మంచం దగ్గరికి పళ్ళెంతో వచ్చింది, మంచినీళ్ళతో వచ్చింది, ఒట్టి చేతులతో ఎన్నడూ రాలేదు. మంచం మీద కూర్చుని ఆవిడ కాలు తన ఒళ్ళోకి తీసుకుంది. బిగింపన్నదే లేకుండా దాని బరువంతా వచ్చి ఒళ్ళో వాలింది.

"వదిలెయ్యడం ఎలా వచ్చింది మీకు?"

"ఊరికే వచ్చిందా? మొదట్లో నేనూ ఎత్తి ఇచ్చేదాన్నే." ఆవిడ చేయి చాచి, పట్టేసిన ఆ భుజం మీద వేసింది.

వంటింట్లో కుక్కర్ కూసింది. కోడలు లేవలేదు.