మేకపిల్ల కథలో చివరి పేజీ

“ముట్టుకోకు! అది మా అమ్మ పుస్తకం!”

బడిసంచి గుమ్మంలోనే వదిలేసి పాప కేక పెట్టింది. మంచం అంచున కూర్చున్న పిన్ని ఉలిక్కిపడింది. ఒళ్లో బొమ్మల పుస్తకం... దాని మీద అప్పుడే రాలిన కన్నీటి చుక్కలు! కంగారుగా కొంగుతో అద్దబోతే మేకపిల్ల బొమ్మ రంగు ఇంకాస్త పాకింది.

పాప వెక్కివెక్కి ఏడుస్తూ పుస్తకం లాక్కుంది. మనవరాలిని చూసిపోదామని ఆ ఉదయమే వచ్చిన అమ్మమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

“ఈ పుస్తకాలు తప్ప నా బిడ్డ గుర్తు ఇంకేం మిగిలిందే ఈ ఇంట్లో? ఇవి కూడా పాడైతే గానీ నీ కళ్లు చల్లబడవా? పద బంగారం, నాతో వచ్చెయ్! బట్టలు సర్దుతాను.”

పాప నాన్నను పెళ్లాడి ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ పిన్ని ఆ పిల్ల మనసు గెలవాలని ఎంత తపించిందో! ఒకరోజు బీరువాలోని ఈ పుస్తకాలు దులుపుతూ ఒక్క పేజీ చదివి మూసేద్దామనుకుంది. మూయలేకపోయింది. ఇంత వయసొచ్చి నాకెందుకీ పిల్లల కథలు అని సిగ్గుపడుతూనే, కుట్టుమిషను ఆపి మధ్యాహ్నాలు చాటుగా చదువుకుంటోంది...

“పాడుచెయ్యాలని కాదు పెద్దమ్మా! నాకు ఊహ తెలిసేసరికే మా అమ్మ లేదు. నన్ను పక్కన పడుకోబెట్టుకుని కథ చెప్పినవాళ్లే లేరు. ఈ మేకపిల్ల ప్రతి గుమ్మం ముందూ ఆగి, మా అమ్మ కనిపించిందా అని అడుగుతుంటే... నన్ను చూసే రాశారనిపించింది. ఏడుపు ఆగలేదు. తప్పే...”

అమ్మమ్మ వినిపించుకోనట్టు బీరువా తలుపు తెరిచింది. పాప మాత్రం కదల్లేదు.

“దానికి... వాళ్లమ్మ దొరికిందా?”

“నీకు తెలీదా?”

“అమ్మ చదువుతుంటే మధ్యలోనే నిద్రపోయేదాన్ని. అమ్మ పోయాక తెరవాలంటే భయమేసింది.”

దొరికిందని చెప్పేస్తే ఎంత బాగుండు! పిన్ని నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. కానీ ఆ కళ్లలోకి చూస్తూ అబద్ధమాడలేకపోయింది.

“దొరకలేదు తల్లీ...”

పాప పుస్తకాన్ని తనే ఆమె చేతికిచ్చింది. పిన్ని చివరి పేజీ చదివింది.

“‘నేను మీ అమ్మను కాను. కానీ వాన పడుతోంది కదా, నా రెక్క కిందికి రా’ అంది ముసలి బాతు. మేకపిల్ల తల మాత్రమే దాని కింద పట్టింది. వీపంతా తడిసింది. అయినా అది నిద్రపోయింది.”

పాప ఫక్కున నవ్వింది. ఆ నవ్వులోంచే బావురుమంది!

చేతిలో గౌనుతో అమ్మమ్మ అలాగే కింద కూలబడింది. “ఆ బాతు మాటలు మా అమ్మాయి గొంతు మార్చి చదివేది. ఎన్నిసార్లు విన్నానో... మళ్లీ ఒక్కసారి చదవమ్మా. మెల్లిగా చదువు.”

పిన్ని మళ్లీ చదివింది. సగంలో ఆగిపోతే మిగతాది పాప కూడబలుక్కుని పూర్తిచేసింది.

సాయంత్రం అమ్మమ్మ ఒంటరిగానే బయలుదేరింది. వెళ్తూ వెళ్తూ పిన్ని చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది.

ఆ తర్వాత బీరువాలోని పుస్తకాలన్నీ పిన్నీ పాపా కలిసి చదివారు. పాప పెరిగి పెద్దదయ్యింది. పిన్నిని ఏనాడూ అమ్మా అని పిలవలేదు. పిన్నీ అనే పిలిచింది. అమ్మా అని పిలవమని ఆమె కూడా ఏనాడూ అడగలేదు.